పాత పీసీలో మౌస్, మోడెమ్ తగవు పడకుండా ఐఆర్‌క్యూలు సర్దడం ఎలా?

1990ల నాటి డాస్ పీసీలో మౌస్‌ను కామ్ 1కు (మొదటి సీరియల్ పోర్టుకు) తగిలించి, మోడెమ్ కార్డును కామ్ 3గా పెడితే, మోడెమ్ డయల్ చేయడం మొదలుపెట్టగానే తెరమీది బాణం గుర్తు ఉన్నచోటనే బిగుసుకుపోవచ్చు. మౌస్ చెడిపోయిందనుకోనక్కరలేదు, రెండింటికీ ఒకే ఇంటరప్ట్ లైను (ఐఆర్‌క్యూ, అంటే పరికరం ప్రాసెసర్‌ను పిలిచే తీగ) పడింది.

వాడుకలో స్థిరపడిన కేటాయింపు ఇది: కామ్ 1 చిరునామా 3ఎఫ్8, ఐఆర్‌క్యూ 4, కామ్ 2కు 2ఎఫ్8, ఐఆర్‌క్యూ 3, కామ్ 3కు 3ఈ8, మళ్లీ 4, కామ్ 4కు 2ఈ8, మళ్లీ 3. చిరునామాలు నాలుగూ వేరైనా లైన్లు రెండే. ఐసా బస్సులో, అంటే అప్పటి పీసీల్లో కార్డులు గుచ్చే వ్యవస్థలో, ఈ పిలుపులను అందుకునే 8259ఏ చిప్ లైను కింది నుంచి పైకి లేచిన క్షణాన్నే గుర్తిస్తుంది కాబట్టి, ఒక కార్డు లైనును పైకి పట్టి ఉంచినప్పుడు రెండో కార్డు పిలిచినా ఆ పిలుపు దానికి వినబడదు.

ముందుగా డాస్‌లో డీబగ్ అనే ప్రోగ్రాం నడిపి, ‘డీ 40:0’ అని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టండి. మొదటి ఎనిమిది బైట్లు బయాస్ (పీసీ మొదలయ్యేటప్పుడు నడిచే ప్రోగ్రాం) గుర్తించిన నాలుగు పోర్టుల చిరునామాలు. ‘ఎఫ్8 03’ అని కనబడితే తిరగేసి 3ఎఫ్8గా చదవాలి. సున్నాలుంటే ఆ పోర్టును బయాస్ నమోదు చేయలేదని అర్థం. ఇక్కడ ఐఆర్‌క్యూ తెలియదు. దానికి ఎంఎస్‌డీ అనే ప్రోగ్రాం ఉంది గానీ, దానికన్నా కార్డు మీద అచ్చువేసిన జంపర్ (పిన్నులను కలిపే చిన్న టోపీ) పట్టికనే నేను నమ్ముతాను.

తరువాత ఖాళీ లైను వెతకాలి. ఏటీ తరగతి యంత్రంలో (286, ఆ తరువాతి పీసీల్లో) రెండో ప్రింటర్ పోర్టు లేకపోతే ఐఆర్‌క్యూ 5 సాధారణంగా దొరుకుతుంది, అయితే చాలా సౌండ్ కార్డులు కూడా దానికే ఎగబడతాయి. అంతకు ముందు తరం పీసీ అయిన ఎక్స్‌టీలో హార్డ్ డిస్కు దాన్ని ముందే ఆక్రమించుకుని ఉంటుంది. 10, 11 వంటి పై లైన్లు 16 బిట్ల కార్డులకే అందుతాయి.

ఇక కరెంటు తీసి, మోడెమ్ కార్డు మీద ఐఆర్‌క్యూ 4 దగ్గరున్న చిన్న ప్లాస్టిక్ టోపీని పైకి లాగి, 5 అని రాసి ఉన్న జత పిన్నుల మీద పూర్తిగా దిగేలా నొక్కండి. చిరునామా జంపర్ల జోలికి పోవద్దు. కార్డులో 3, 4 తప్ప వేరే దారి లేకపోతే, బోర్డు మీది కామ్ 2ను ఆపేసి, అప్పుడు మాత్రం చిరునామా జంపర్‌ను కూడా మార్చి మోడెమ్‌ను ఆ స్థానంలో, ఐఆర్‌క్యూ 3తో పెట్టడమే మేలు.

జంపర్ మార్చిన సంగతి సాఫ్ట్‌వేర్‌కు దానంతట తెలియదు. విండోస్ 3.1లో సిస్టమ్.ఐఎన్‌ఐ ఫైలులోని 386ఎన్‌హెచ్ విభాగంలో ‘కామ్3ఐఆర్‌క్యూ=5’ అనే వరుసను ఇంగ్లీషు అక్షరాల్లో చేర్చి విండోస్‌ను మళ్లీ తెరవాలి; లైనక్స్‌లో ఆ పని సెట్‌సీరియల్ ఆదేశం చేస్తుంది. డాస్ కమ్యూనికేషన్ ప్రోగ్రాంలో అయితే పోర్టు అమరికల్లో మార్చాలి.

చివరగా మోడెమ్‌తో డయల్ చేయిస్తూ మౌస్‌ను అటూ ఇటూ కదిపి చూడండి. బాణం ఆగకుండా తిరుగుతూ, మోడెమ్ కూడా జవాబిస్తుంటే పెట్టె మూత బిగించవచ్చు.