ఇంగ్లండ్‌లో క్యారెక్టర్ ఆర్టిస్టుగా వేషాలు తెచ్చుకోవడం, నిలబెట్టుకోవడం

హత్య జరిగిన రాత్రి కుక్కను తిప్పడానికి బయటికొచ్చిన పొరుగాయన, చెడ్డ కబురు చెప్పే డాక్టరు, కోర్టు గుమాస్తా. ఇంగ్లిష్ టీవీ సీరియళ్లు నడిచేది ఇలాంటి వేషాల మీదే. ఒక ఎపిసోడ్‌లో రెండు సీన్లు బాగా చేస్తే అదే కాస్టింగ్ డైరెక్టర్ ఇంకో ఏడాది మూడు ఎపిసోడ్ల వేషానికి పిలుస్తారు. ఈ వృత్తిలో ఎదుగుదల అంటే ఆ రెండో పిలుపే. లండన్‌లోని బాటర్‌సీలో పుట్టిన టిమొతీ స్పాల్ 1983లో మొదలైన ఒక టీవీ సీరియల్‌లో బర్మింగ్‌హామ్ యాస ఎలక్ట్రీషియన్‌గా జనానికి తెలిశాడు. 2014లో చిత్రకారుడు టర్నర్ పాత్రకు కాన్ చలనచిత్రోత్సవంలో ఉత్తమ నటుడయ్యాడు. మధ్యలో ముప్పై ఏళ్లు దాటాయి. ఈ దారికి వచ్చేవాళ్లు ఆ లెక్కతోనే రావాలి.

ముందుగా కాగితాల సంగతి. స్టూడెంట్ వీసా మీద ఉన్నవారు ఎంటర్‌టైనర్‌గా పని చేయకూడదు, సెల్ఫ్ ఎంప్లాయ్డ్‌గా కూడా ఉండకూడదు. మాస్టర్స్ చదువుతూ చిన్న వేషమే కదా అని ఒప్పుకుంటే వీసాకే ముప్పు. పని హక్కు ఉన్నవారు రెండు చోట్ల చేరాలి. ఒకటి 1927 నుంచి ఉన్న స్పాట్‌లైట్, నటుల వివరాల డైరెక్టరీ. దీనికి గుర్తింపు ఉన్న శిక్షణ గానీ వృత్తి అనుభవం గానీ చూపాలి. రెండోది నటుల యూనియన్ ఈక్విటీ. ఒకే పేరుతో ఇద్దరు సభ్యులు ఉండకూడదన్నది ఈక్విటీ నియమం. డేవిడ్ మెక్‌డొనాల్డ్ అనే కుర్రాడు నటుడిగా డేవిడ్ టెనంట్ అయింది అందుకే. ఫోటోలు, కార్డులు అచ్చు వేయించే ముందే పేరు సరిచూసుకోండి.

స్పాట్‌లైట్ ప్రొఫైల్‌లో ఫోటో మీరు ఇవాళ తలుపు తీసినప్పుడు కనిపించేలా ఉండాలి. గడ్డం పెంచినా, జుట్టు నెరిసినా కొత్త ఫోటో తీయించండి. 'ప్లేయింగ్ ఏజ్' అంటే మీ వయసు కాదు, తెర మీద నమ్మించగల వయసు. ఎనిమిది పదేళ్ల పరిధి దాటి రాయకండి. 25 నుంచి 50 అని రాస్తే ఏ వేషానికీ సరిగ్గా కుదరని మనిషిలా కనిపిస్తారు. యాసల విషయం ఇంకా నాజూకు. రోజంతా షూటింగ్‌లో జారిపోకుండా మాట్లాడగలిగినవే రాయండి, ఎందుకంటే స్కౌస్ (లివర్‌పూల్ యాస) వచ్చని రాశాక రేపు ఉదయమే ఆ యాసలో టేప్, అంటే మీరే తీసి పంపే వీడియో, అడగవచ్చు.

తెలుగు నోటికి ఆర్‌పీ (ప్రామాణిక బ్రిటిష్ ఉచ్చారణ) కుదరకపోవడానికి కారణాలు తెలిసినవే. ఇంగ్లిష్ 'ట' పలికేటప్పుడు నాలుక వెనక్కి మడవకూడదు, పైపళ్ల వెనక చిగురుకు తగలాలి. మాట మొదట్లో ఒత్తి పలికే ప, ట, క లకు నోటి ముందు పెట్టిన అరచేతికి గాలి తగలాలి. 'బస్' చివర మన 'ఉ' రాకూడదు. పడమర అనే 'వెస్ట్', బనియన్ అనే 'వెస్ట్' తెలుగు లిపిలో ఒకటే అయినా నోట్లో వేరు: మొదటిదానికి పెదాలు గుండ్రంగా చుట్టాలి, పళ్లు తగలకూడదు. రెండోదానికి కింది పెదవికి పైపళ్లు తగలాలి.

ఇప్పుడు తొలి ఆడిషన్ ఎక్కువగా సెల్ఫ్ టేప్‌లోనే జరుగుతుంది. ఫోన్‌ను అడ్డంగా, కంటి ఎత్తులో స్టాండ్ మీద పెట్టండి. తల నుంచి ఛాతీ మధ్య వరకు ఫ్రేమ్, వెనక లేత బూడిద లేదా నీలం గోడ. కిటికీ మీ ముందు ఉండాలి. వెనక ఉంటే ముఖం నల్లబడుతుంది. ముఖం మీద వేలు నొక్కిపట్టి ఫోకస్, ఎక్స్‌పోజర్ లాక్ చేయండి. లేకపోతే కదిలినప్పుడల్లా వెలుతురు పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. ఎదుటి డైలాగులు చదివే మనిషి లెన్స్‌ను ఆనుకుని పక్కనే నిలబడాలి. ఎడంగా నిలబడితే మీ కళ్లు కనిపించవు. టేపులు పాడయ్యేది ఎక్కువగా ఇక్కడే: ఆ మనిషి మైకుకు దగ్గర కాబట్టి ఆయన గొంతే గట్టిగా వినిపిస్తుంది. ఒక అడుగు వెనక్కి జరిపి, గొంతు తగ్గించి చదవమనండి, లేదా మీ చొక్కాకు చిన్న మైకు పెట్టుకోండి. ఫ్రిజ్ ఆపేయండి. పేరు, ఎత్తు, ఊరు చెప్పే ముక్క విడిగా తీయండి. రెండో టేక్ పంపితే అది నిజంగా వేరుగా ఉండాలి. ఒకే తీరున రెండు పంపడం చూసేవారి సమయం తినడమే.

టేప్ నచ్చితే ఏజెంట్ ఫోన్ చేసి 'పెన్సిల్' అంటారు. ఆ తేదీలు ఖాళీగా ఉంచమని మాత్రమే దాని అర్థం. వేషం వచ్చినట్టు కాదు. దాన్ని నమ్మి ఉద్యోగానికి రాజీనామా పెట్టకండి. అదే తేదీలకు ఇంకో పని వస్తే ఏజెంట్‌కు వెంటనే చెప్పండి, వాళ్లే అటువైపు అడిగి తేలుస్తారు.

సెట్‌లో అతిథి వేషం కష్టం వేరు. మిగతావారంతా నెలలుగా కలిసి పనిచేస్తుంటారు, మీరు ఆ ఉదయమే వస్తారు. టేక్‌లో మీరు ఆగాల్సిన చోట నేల మీద అతికించిన టేప్ గుర్తు దగ్గర నిలబడి, అక్కడి నుంచి వెనక్కి నడుస్తూ అడుగులు లెక్కపెట్టుకోండి. టేక్‌లో కిందికి చూడకుండా అన్నే అడుగులు వేస్తే గుర్తు మీదే ఆగుతారు. మామూలుగా వైడ్ షాట్ ముందు తీస్తారు. అందులో ఏ మాట మీద టీ కప్పు ఎత్తారో క్లోజప్‌లోనూ ఆ మాట మీదే ఎత్తాలి, లేకపోతే ఎడిటింగ్‌లో అతకదు. అందుకే వైడ్‌లో తక్కువ పనులు పెట్టుకోవాలి. మాట మీద కప్పు సాసర్‌కు తగలనివ్వకండి. ఆ చప్పుడు పడితే మంచి టేక్ కూడా వాడలేరు.

డబ్బు లెక్క తేలికే. ఏజెంట్ కమిషన్ 15 శాతం అనుకుందాం, ఏజెంట్ వ్యాట్ రిజిస్టర్ అయితే ఆ కమిషన్ మీద 20 శాతం. 1000 పౌండ్ల వేషానికి 150, దాని మీద 30 పోగా చేతికి 820. చేర్చుకోవడానికే ముందుగా డబ్బు అడిగే ఏజెంట్‌ను వదిలేయండి. వచ్చినదాంట్లో పావు వంతైనా పన్ను కోసం వేరే ఖాతాలో వేయండి. ఏప్రిల్ 5తో ముగిసే ఏడాదికి ఆన్‌లైన్ రిటర్న్, చెల్లింపు ఆ తర్వాతి జనవరి 31లోపు కావాలి. స్పాట్‌లైట్ రుసుం, ఫోటోల ఖర్చు చూపించుకోవచ్చు. రోజూ వేసుకునే బట్టలు కుదరవు.

ఎపిసోడ్ ప్రసారమైన వారంలోనే స్పాట్‌లైట్‌లో ఆ పాత్ర చేర్చండి, క్లిప్ దొరికితే షోరీల్ (మీ నటన ముక్కలు కూర్చిన వీడియో) మొదట్లో పెట్టండి. బెక్స్ అనే సంస్థలో కూడా నమోదు కండి. ఆ ఎపిసోడ్ విదేశాల్లో తిరిగినప్పుడు నటులకు రావలసిన కొన్ని హక్కుల సొమ్ము వసూలు చేసి పంచేది అదే. ఇల్లు మారినా బ్యాంకు మారినా వాళ్లకు తెలియజేయండి.