మాట ఆపి చూడండి, తర్వాత వాదించుకుందాం

మా నాన్న సినిమా హాల్లో ఆపరేటర్. బడి వదలగానే క్యారేజీ పట్టుకుని ఆయన గదికి వెళ్లేవాడిని. రెండు ప్రొజెక్టర్లు, కార్బన్ కడ్డీల వేడి, మూలన రీళ్ల డబ్బాలు. గోడకున్న చిన్న కిటికీలోంచి తెర కనిపించేది గాని, యంత్రాల రొదలో మాట ఒక్కటీ సరిగా వినిపించేది కాదు. గదిలో ఒక స్పీకరు ఉండేది, అది ఎప్పుడూ పాడై ఉండేది. అలా ఒక్కో సినిమా పదిహేను ఇరవై సార్లు చూశాను, దాదాపు మూగగా. విచిత్రం ఏమిటంటే, కింద ఈలలు మోగిన చోట చాలాసార్లు నాకు తెర మీద ఏమీ కనిపించేది కాదు. ఎవరూ చప్పట్లు కొట్టని చోట ఒక ముఖంలో ఏదో కదిలేది.

ఇప్పుడు ఎవరైనా ఒక నటుడి గురించి ‘పాత్రలో జీవించాడు’ అంటే నాకు ఆ కిటికీ గుర్తుకొస్తుంది. ఏ సీనులో, ఎలా అని అడిగితే జవాబు ఉండదు. ‘జీవించాడు’, ‘ఒదిగిపోయింది’ అన్నవి అద్దె చొక్కాల వంటివి, ఎవరికి తొడిగినా సరిపోతాయి. మీ అభిప్రాయం మీదిగా ఉండాలంటే నేను చేసే పని చెబుతాను, మీరూ చేసి చూడండి.

ముందు ఒక్క సీను ఎంచుకోండి. మొత్తం సినిమా వద్దు, రెండు మూడు నిమిషాలు చాలు. పతాక సన్నివేశం అసలే వద్దు. పోరాటాలూ, గుండెలు బాదుకునే ఏడుపులూ పక్కన పెట్టండి, అక్కడ సగం పని రీరికార్డింగే, అంటే నేపథ్య సంగీతమే చేసేస్తుంది. ఎవరో అబద్ధం చెబుతున్న సీను, కబురు కోసం ఎదురుచూస్తున్న సీను, లోపల ఒకటి పైకి ఒకటిగా ఉండే సీను తీసుకోండి. టీవీలో శబ్దం పూర్తిగా ఆపేసి చూడండి. రెండోసారి చూసేటప్పుడు మాట్లాడుతున్న వారిని వదిలి, వింటున్న వారిని చూడండి.

అలవాటు కావడానికి ‘మాయాబజార్’తో మొదలుపెట్టమంటాను. కె.వి.రెడ్డి 1957లో తీసిన ఆ సినిమాలో ఘటోత్కచుడు (ఎస్వీ రంగారావు) శశిరేఖ (సావిత్రి) రూపం దాల్చాక, సావిత్రి చేయాల్సింది సావిత్రి వేషంలో ఉన్న ఎస్వీ రంగారావును. శబ్దం లేకుండా చూడండి. ఎదుట పెద్దలుంటే భుజాలు ముడుచుకుని పెళ్లికూతురు, వారు తప్పుకోగానే అవే భుజాలు విచ్చుకుని రాక్షసుడు. చీర మారదు, నగ మారదు, నిలబడే తీరు మారుతుంది. తర్వాత పెళ్లిపీటల మీద లక్ష్మణ కుమారుడి వేషంలో ఉన్న రేలంగిని చూడండి. భయంకర రూపాలు అతనికి ఒక్కడికే కనబడతాయి, మిగతా వారికి తల వంచుకున్న పెళ్లికూతురే. ఆవిడ కదలకుండా కూర్చున్నా మనకు నవ్వొస్తోందంటే అది పక్కవాడి భయం వల్లే.

ఇప్పుడు మాట వినండి. ఈసారి తెరకు వీపు పెట్టి కూర్చోండి. ఇక్కడే మనవాళ్లు ఎక్కువగా బోల్తా పడతారు, నేనూ పడ్డాను. ‘అరుంధతి’ (2009) వచ్చినప్పుడు ఆ ప్రతినాయకుడి గొంతు గురించి కనబడిన వారందరికీ చెప్పాను. ఆ వేషం వేసిన సోనూ సూద్‌కు ఆ గొంతు ఇచ్చింది డబ్బింగ్ చెప్పే రవిశంకర్ అని తర్వాత తెలిసింది. ‘ఏ మాయ చేసావె’ (2010)లో సమంత మాటలు చిన్మయివి. ‘మాయాబజార్’లోనే రంగారావు మాటలు ఆయనవే, వివాహ భోజనం పాట మాత్రం మాధవపెద్ది సత్యం పాడారు. గొంతు ఎవరిదో తెలుసుకోకుండా సంభాషణలు పలికిన తీరును మెచ్చుకోవడం, వంట చేసిన వారిని వదిలేసి వడ్డించిన వారికి దండ వేయడమే. అలాగని ముఖం వారి ప్రతిభ తక్కువ కాదు. రెండింటికీ వేర్వేరుగా మార్కులు వేయండి, అంతే.

సీరియళ్ల సంగతి వేరు. ఈ పాఠం నాకు మా ఆవిడ చెప్పింది. ‘కార్తీక దీపం’ నడిచిన రోజుల్లో వంటలక్కను నేను వెక్కిరించేవాడిని: ఒక్క మాటకు ముఖాన్ని మూడుసార్లు దగ్గరకు లాగి చూపిస్తారేమిటని. “అది ఎడిటింగండీ, ఆ అమ్మాయి చేసిందా?” అంది. నిజమే. అప్పటినుంచి ఉరుము సంగీతం మొదలయ్యే ముందు ఉండే ఒకటి రెండు క్షణాలనే చూస్తాను. నటి తనంతట తాను చేసేది అక్కడే దొరుకుతుంది. ఇంకో కొలత చేతులు. కత్తిపీట ముందు కూర్చుంటే కూర నిజంగా తరుగుతోందా, మాట అయ్యేదాకా ఒకే వంకాయను పట్టుకుని ఉందా? వారంలో ఆరు రోజులు ప్రసారమయ్యే కథకు షూటింగు ఎంత పరుగు మీద జరుగుతుందో తలచుకుంటే, నిజంగా తరిగే నటికి నేను రెండు మార్కులు ఎక్కువే వేస్తాను. పైగా వంటలక్కగా వేసిన ప్రేమీ విశ్వనాథ్ అదే పాత్రను అంతకుముందు మలయాళ మాతృక ‘కరుత్తముత్తు’లోనూ వేశారు. మలయాళం రాకపోతే మరీ మంచిది, రిమోటు నొక్కే పని కూడా లేదు.

ఇక చెప్పడం, రాయడం. ఏ సీను, ఒళ్లు ఏం చేసింది, దాంతో మీకేం తెలిసింది. ఈ మూడూ ఉంటే చాలు. ‘అద్భుతంగా నటించింది’ అని కాకుండా, ‘ఉత్తరం చదువుతూ కూర్చోబోయి, కూర్చోకుండానే ఆగిపోయింది, చావు కబురని అప్పుడే అర్థమైంది’ అని రాయండి. నచ్చకపోయినా ఇదే పద్ధతి. నటుడి పెళ్లి, కులం, బరువు, వయసు మీ వాక్యంలోకి వచ్చాయంటే దాన్ని కొట్టేయండి. మొదటి ఆట చూసి వచ్చిన రాత్రి ఏమీ రాయకండి, ఈలల హోరు ఇంకా చెవుల్లోనే ఉంటుంది.

చివరిది కాస్త కష్టం. మీకు పడని నటుడి సీను ఒకటి ఇలాగే చూడాలి. మా బావమరిది ఇరవై ఏళ్లుగా ఒకే కథానాయకుడి అభిమాని, అవతలి వారి పేరెత్తితే భోజనం దగ్గర్నుంచి లేచిపోయే రకం. పోయిన సంక్రాంతికి అవతలి హీరో సీనే ఒకటి పెట్టి, శబ్దం ఆపి చేతికి రిమోటు ఇచ్చాను. చూశాడు. వెనక్కి తిప్పి మళ్లీ చూశాడు. “నడక ఫరవాలేదు బావా” అన్నాడు. రిమోటు మాత్రం తిరిగి ఇవ్వలేదు.