పెద్ద కెమెరాతో ప్రయాణం - 4వ పాఠం: ఫిల్ము ఎక్కడ పెట్టాలి?

పెద్ద కెమెరా అంటే 35 మి.మీ. కన్నా వెడల్పాటి ఫిల్ము వాడే మీడియం ఫార్మాట్ కెమెరా. దానితో విమానం ఎక్కేవాళ్ల కోసమే ఈ పాఠాలు. గత పాఠంలో ఇచ్చిన పని చిన్నదే. సంచి సర్దండి, తూకం వేయండి, జాబితా రాసి పంపండి అన్నాను. వచ్చినవి చూస్తే ఒక సంగతి తెలిసింది: చాలామంది కెమెరానూ లెన్సులనూ తూచారు కానీ సంచిని తూచలేదు. లోపల మెత్తటి అరలున్న గట్టి సంచి ఖాళీగా ఉన్నప్పుడే రెండు కిలోలు తూగగలదు. సరే, అది దిద్దుకోవడం తేలిక. అసలు చిక్కు వేరే ఉంది. చాలా విమాన సంస్థలు చేతి సంచికి పెట్టే హద్దు 7 కిలోలు. అందులో ఇమడడం కోసం మీలో కొందరు ఫిల్మును తీసి చెక్-ఇన్ పెట్టెలో వేశారు. కెమెరా మీ ఒళ్లో, ఫిల్ము విమానం పొట్టలో! పూర్తిగా తలకిందులు. ట్రైపాడ్ గురించి ఈసారి చెబుతానన్నాను, దాన్ని పక్కన పెట్టి ఇది తేల్చాలి.

బరువు లెక్క మళ్లీ చూద్దాం. మామియా ఆర్‌బీ 67 బాడీ, 90 మి.మీ. లెన్సు, ఫిల్మ్ బ్యాక్ (కెమెరా వెనక తగిలించే ఫిల్ము పెట్టె) కలిపి సుమారు 2.7 కిలోలు. హాసెల్‌బ్లాడ్ 500 సీ/ఎం అయితే 80 మి.మీ. లెన్సు, బ్యాక్‌తో కిలోన్నర. ఈ కెమెరాల్లో వాడే, కాగితంతో కలిపి చుట్టిన 120 ఫిల్ము ఇరవై రోల్సు మొత్తం కలిపినా ఆర్‌బీ లెన్సు ఒక్కదాని బరువు ఉండదు. కాబట్టి తగ్గించాల్సింది లెన్సులను. ప్రయాణానికి ఒక బాడీ, ఒక లెన్సు, రెండు బ్యాకులు చాలంటాను నేను. రెండో లెన్సు లేకుండా కుదరదనేవాళ్లతో వాదన పెట్టుకోను, కానీ దాన్ని మోసేది మీ భుజమే. ఇంకో మాట. లైట్ మీటర్‌నూ వ్యూఫైండర్‌నూ నేను కోటు జేబుల్లో వేసుకుంటాను. తూకం వేసేది సంచికే, కోటుకు కాదు.

ఇక ఫిల్ము. చెక్-ఇన్ సామాన్లను చూసే యంత్రాల ఎక్స్‌రే చాలా బలమైనది. అనుమానం కలిగిన వస్తువు మీద మరింత గాఢంగా కిరణాలు పడతాయి. డెవలప్ చేశాక నెగటివ్ మీద అలలా వంపులు తిరిగిన మసక పట్టీ కనబడితే అది దాని పనే. ఒక్కోసారి పట్టీ కూడా ఉండదు. ఫిల్మంతా సమంగా మసకబారుతుంది, ప్రింటులో నీడలు బూడిదరంగుకు తిరుగుతాయి, బొమ్మలో గరుకుగా కనిపించే రేణువు పెరుగుతుంది. అప్పుడు చాలామంది ల్యాబును తిడతారు.

ఎక్స్‌రేను అడ్డుకుంటుందని సీసం సంచి కొనుక్కుని అందులో ఫిల్ము పెట్టాం, ఇక భయం లేదు అని రాసినవాళ్లకు ఇప్పుడు కాస్త ఓపికగా చెబుతాను. ఆపరేటరుకు తెర మీద మీ సంచిలో ఏం కనబడుతుంది? ఒక నల్లటి దిమ్మ. లోపల ఏముందో తెలియకుండా వదిలేయడానికి అతను అక్కడ కూర్చోలేదు. చేతి సంచి అయితే తెరిపిస్తాడు, లేదా మళ్లీ మళ్లీ బెల్టు మీద పంపుతాడు. ఎక్స్‌రే ప్రభావం పోగుపడేది, ప్రతిసారీ కొంచెం కలుస్తూ పోతుంది. చెక్-ఇన్ పెట్టెలో అయితే ఆ దిమ్మే యంత్రానికి అనుమానం పుట్టించి గాఢమైన కిరణాలను పిలుస్తుంది. ఏది రాకూడదనుకున్నారో దాన్నే డబ్బిచ్చి పిలిపించుకున్నట్టు. పైగా సీసం బరువు! 7 కిలోల కోసం లెన్సు మానుకున్న మనిషి సీసం మోయడమేమిటి? ఆ సంచిని ఎవరికీ బహుమతిగా కూడా ఇవ్వకండి.

చేతి సంచులు చూసే చోట రెండు రకాల యంత్రాలుంటాయి. పాతరకం ఎక్స్‌రేలో ఐఎస్ఓ (వెలుగుకు ఫిల్ము ఎంత తొందరగా స్పందిస్తుందో చెప్పే అంకె) 400 దాకా ఫిల్ము ఒకటి రెండుసార్లు వెళ్లినా సాధారణంగా ఇబ్బంది ఉండదు. ఐఎస్ఓ 800, ఆపైన ఉన్నవాటిని చేత్తో చూడమని అడగాలి. 400 ఫిల్మును 1600గా తీయాలనుకుంటే దాన్ని కూడా 1600 కిందే లెక్కించండి. రెండోది సీటీ స్కానర్, సామానును అన్ని వైపుల నుంచీ ఎక్స్‌రే తీసే కొత్తరకం. ఇందులో ఏ ఫిల్మునూ ఒక్కసారి కూడా పంపకూడదు. కొడాక్, ఇల్‌ఫోర్డ్ రెండూ చెప్పే మాటే ఇది. ఎలా పోల్చుకోవాలి? యంత్రం పెద్దదిగా, గుండ్రంగా ఉబ్బి ఉంటుంది. ల్యాప్‌టాప్ బయటకు తీయక్కర్లేదని సిబ్బంది అంటే అది సీటీయే అనుకుని ఆగండి. మొహమాటపడితే ఫిల్ము పోతుంది.

అడిగే పద్ధతి కూడా ఉంది. రోల్సును అట్టపెట్టెల్లోంచి తీసి, రేకు కవరు మాత్రం చింపకుండా, పారదర్శకమైన జిప్ కవరులో వేయండి. ట్రే బెల్టు ఎక్కకముందే కవరు చేతిలో పట్టుకుని అడగండి. గుడ్డ ముక్కతో పైపైన తుడిచి పరీక్షిస్తారు, అంతే. రేకు విప్పమంటే విప్పండి, కానీ కాగితం చుట్ట వదులవకూడదు. 35 మి.మీ. ఫిల్ముకు ఉండే లోహపు డబ్బా 120కి లేదు, చుట్ట వదులైతే అంచుల్లోంచి వెలుగు దూరుతుంది. కెమెరాలో సగం తీసిన రోలుతో విమానాశ్రయానికి వెళ్లకండి. ఒప్పుకోకపోతే పాతరకం యంత్రం ఉన్న వరస అడగండి. అదీ లేదంటే ఫిల్ము అక్కడికి వెళ్లాక కొని, తిరిగి రాకముందే అక్కడే డెవలప్ చేయించడం మేలు. డెవలప్ అయిన ఫిల్మును ఎక్స్‌రే ఏమీ చేయదు.

డిజిటల్ మీడియం ఫార్మాట్ వాళ్లకు ఈ బాధ లేదు. అదనపు లిథియం బ్యాటరీలు చేతి సంచిలోనే, కొనలు కప్పి పెట్టుకుంటే చాలు.

హాసెల్‌బ్లాడ్ లెన్సు ఇరుక్కుపోయిందన్నవాళ్లకు ఒక్క మాట. లెన్సు ఊడదీసే ముందు పిడి తిప్పి షట్టర్‌ను బిగించండి, అంటే తర్వాతి ఫోటోకు సిద్ధం చేయండి. బాడీ, లెన్సు రెండూ అలా బిగిసి ఉండాలి. తీసిన లెన్సు వెనక చిన్న ఇరుసు చీలిక ఎర్ర చుక్కకు ఎదురుగా ఉందా అని చూడండి. లేకపోతే బాడీకి తగిలించకండి. ఇరుక్కున్నదాన్ని బలవంతంగా లాగకుండా మెకానిక్‌కు ఇవ్వండి.

సాధన. పాడైన రోలు ఒకటి తీసుకోండి. పూర్తిగా సర్దిన సంచి భుజాన వేసుకుని గంటసేపు నడవండి. ఎక్కడా కూర్చోకుండా, సంచి కింద పెట్టకుండా, నిలబడే బ్యాక్‌లో రోలు ఎక్కించి, చివరిదాకా తిప్పి, దించి, కాగితం చుట్ట బిగువు తగ్గకుండా అంటించండి. మళ్లీ వెనక్కి చుట్టి ఇంకోసారి చేయండి. డార్క్ స్లైడ్ (బ్యాక్‌లోని ఫిల్ముకు వెలుగు తగలకుండా అడ్డుపెట్టే రేకు) ఎక్కడ పెట్టారో వెతుక్కోవాల్సి వస్తే మొదటినుంచి మొదలుపెట్టండి. నడక తర్వాత సంచిలోంచి ఏం తీసేయాలనిపించిందో ఆ జాబితా పంపండి, కొత్తగా తూచిన బరువుతో సహా. ఈసారి సంచి బరువు కలిపి.