మృత శిశు జననం తర్వాత జన్యు వైద్యుల పని: హైదరాబాద్ సహోద్యోగులకు సూచనలు

బిడ్డను పోగొట్టుకున్న దంపతులు జన్యు వైద్యుల గదికి వచ్చేసరికి సాధారణంగా నెలో రెండు నెలలో గడిచిపోతాయి. అప్పటికి వారి దగ్గర మిగిలేది స్కానింగ్ ఫైలు, ఎందుకిలా జరిగిందన్న ప్రశ్న మాత్రమే. జవాబు చెప్పగలిగిన మాయ, కణజాలం దక్కకుండా పోయి ఉంటాయి. అందుచేత మన పని కాన్పు గదిలోనే మొదలు కావాలి, ప్రసూతి వైద్యులతోనూ నర్సులతోనూ ముందే మాట్లాడి ఉంచుకోవాలి.

నర్సులకు మొదట చెప్పవలసింది సీసా సంగతి. సూక్ష్మదర్శిని పరీక్షకు వెళ్ళే మాయను ఫార్మలిన్‌లో (కణజాలం కుళ్ళకుండా ఉంచే ద్రవంలో) వేయడం సరైనదే గాని, జన్యు పరీక్ష ముక్కను కూడా అందులోనే వేస్తే డీఎన్‌ఏ దెబ్బతింటుంది. బొడ్డుతాడు అతుక్కున్న చోట శిశువు వైపు నుంచి తీసిన సెంటీమీటరు ముక్కను స్టెరైల్ సీసాలో సెలైన్‌తో, గడ్డకట్టకుండా చల్లగా పంపాలి. నిమ్స్‌కు పంపినా, ఉప్పల్‌లోని డీఎన్‌ఏ పరీక్షల కేంద్రం సీడీఎఫ్‌డీకి పంపినా ముందుగా ల్యాబుకు ఫోను చేయడం మేలు. కార్యోటైపింగ్‌కు, అంటే కణాలను ల్యాబులో పెంచి క్రోమోజోములను సూక్ష్మదర్శినితో చూసే పరీక్షకు, బతికి ఉన్న కణాలు కావాలి, గర్భంలోనే రోజుల కిందట ప్రాణం పోయిన శిశువు కణాలు తరచుగా పెరగవు. 2012లో అమెరికాలో 532 మృత శిశు జననాలపై వెలువడిన అధ్యయనంలో, కణాలను పెంచనక్కర్లేకుండా నేరుగా డీఎన్‌ఏలో ఎక్కువతక్కువలు చూసే మైక్రోఅర్రే 87.4 శాతం నమూనాలలో ఫలితమివ్వగా, కార్యోటైపింగ్ 70.5 శాతంలోనే ఇచ్చింది. అయితే జన్యుపదార్థం తగ్గకుండా, పెరగకుండా క్రోమోజోములు చోటు మార్చుకుంటే మైక్రోఅర్రేకు కనబడదు. ఆ అనుమానమున్నప్పుడు తల్లిదండ్రుల కార్యోటైపు చూడాలి. తల్లికి మధుమేహం, బీపీ, ఇన్ఫెక్షన్ల పరీక్షలు జరిగాయో లేదో కూడా అడగాలి, ఎందుకంటే కారణం ప్రతిసారీ జన్యువులలోనే ఉండదు.

బిడ్డ దేహాన్ని పరీక్షించడానికి అనుమతి అడిగేటప్పుడు ‘పోస్ట్‌మార్టం’ అనకండి. మన జనానికి ఆ మాట పోలీసు కేసులా వినబడుతుంది. ఏ భాగం చూస్తామో, ఎంత సేపు పడుతుందో, బిడ్డను ఎప్పుడు అప్పగిస్తామో చెప్పండి. పాతబస్తీ నుంచి వచ్చే ముస్లిం కుటుంబాలు చాలావరకు ఆ రోజే ఖననం చేయాలనుకుంటాయి, ఆ గడువులోపలే పని ముగించాలి. వద్దంటే బలవంతపెట్టకుండా ఫోటోలు, ఒళ్ళంతటి ఎక్స్‌రే, కొలతలు, మాయ పరీక్షలకు ఒప్పుకుంటారేమో అడగండి; వాటితోనూ చాలా తెలుస్తుంది.

బంధువులు బిడ్డను తల్లికి చూపకుండానే తీసుకెళ్ళిపోవడం మన దగ్గర మామూలే. వారిది ప్రేమే, కానీ నిర్ణయం ఆమెది. ‘బిడ్డను చూస్తారా అమ్మా?’ అని ఆమెనే అడిగి, వద్దంటే ఓ గంటాగి మరొక్కసారి అడగండి. మూడో రోజుకు పాలు పడవచ్చని డిశ్చార్జికి ముందే చెప్పాలి. ఎవరూ చెప్పకపోతే ఆ పూట ఆమె ఒంటరిదైపోతుంది.

రిపోర్టును మొదట భార్యాభర్తలిద్దరికే, కలిపి కూర్చోబెట్టి చెప్పండి. అత్తగారు తలుపు దగ్గర నిలబడి ఉన్నా సరే, కాసేపు ఆగమనడం మన బాధ్యత. ‘మేనరికమా?’ అని అడిగితే నేరం ఒప్పుకోమన్నట్టు ఉంటుంది. ‘పెళ్ళికి ముందు నుంచే మీరు చుట్టాలా?’ అనడం మేలు. గ్రహణం రోజు బయటికి వెళ్ళానని, బొప్పాయి తిన్నానని ఆమె కుమిలిపోతుంటే కొట్టిపారేయక, కారణం అది కాదని మెల్లగా చెప్పండి. తల్లి నుంచీ తండ్రి నుంచీ లోపమున్న జన్యువు వస్తేనే బయటపడే అంతర్గత జన్యులోపమైతే తిరిగి వచ్చే అవకాశం 25 శాతం. దీన్ని ‘నలుగురిలో ఒకరికి’ అంటే, ఒకరు పోయారు గనుక మిగతా ముగ్గురూ క్షేమమని లెక్క వేసుకుంటారు. ఒకదానిపై గుర్తు పెట్టి డబ్బాలో నాలుగు చీటీలు వేసి, ఒకటి తీసి, చూసి, మళ్ళీ అందులోనే వేసి చూపిస్తే చాలామందికి అర్థమవుతుంది.

చివరగా ఒక పేజీ తెలుగు ఉత్తరం ఇవ్వండి. కారణం దొరికితే దాని పేరు, దొరకకపోతే దొరకలేదన్న మాట, ఈసారి ఏ వారంలో ఏ పరీక్ష చేయించుకోవాలో అందులో ఉండాలి: మాయ ముక్క పరీక్ష 11 నుంచి 13 వారాల మధ్య, ఉమ్మనీటి పరీక్ష 16 వారాల తర్వాత. తర్వాతి గర్భానికి ఆమె నల్లగొండలోనో మహబూబ్‌నగర్‌లోనో పుట్టింట్లో ఉండవచ్చు, అక్కడి డాక్టరు చేతికి అందేది ఆ కాగితమే.