గోడలో ఉప్పునీటి అక్వేరియం: ఎక్కడ తేడా కొడుతుంది?

మా ఇల్లు విజయవాడ పటమటలో. హాలుకీ స్టోర్ రూముకీ మధ్య గోడ కొట్టించి నాలుగడుగుల ట్యాంకు పెట్టించాం. హాల్లో కూర్చున్న చుట్టాలకు క్లౌన్ చేపలు కనిపిస్తాయి. నా కాపురం మాత్రం స్టోర్ రూములోనే. తిప్పలన్నీ పుట్టేది అక్కడే మరి.

ట్యాంకు చుట్టూ పెయింట్ పొక్కుతోంది, తెల్లపొడి రాలుతోంది

లీకేనని కంగారుపడి ట్యాంకు ఖాళీ చేయకండి. రాత్రి పడుకునే ముందు సిలికాన్ అతుకుల కింద న్యూస్‌పేపర్ పరవండి. పొద్దునకి తడిస్తే లీకే. నీళ్లు తీసేసి, పాత సిలికాన్ గీకి కొత్తది వేయించాలి. మా ఇంట్లో పేపరు కరకరలాడుతూనే ఉంది, గోడ మాత్రం గోరు తగిలితే పెచ్చులూడింది.

కారణం సంప్. ఇంటి ముందు మున్సిపల్ నీళ్లు పట్టే సంప్ కాదు, ట్యాంకు కింద ఫిల్టరు కోసం పెట్టే గాజు తొట్టి. అందులో బుడగలు పగిలినప్పుడల్లా సన్నటి తుంపర లేచి గోడకు పడుతుంది. నీళ్లు ఆరిపోతాయి, ఉప్పు మిగులుతుంది. తలుపేసిన గదిలో చెమ్మకు బయటికి దారి ఉండదు. సంప్‌కి మూత చేయించాను, వీధి వైపు గోడకు ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టించాను. పేరుకున్న ఉప్పును తడిగుడ్డతో తుడవాలి, పొడిగుడ్డతో దులిపితే గదంతా ఎగురుతుంది. గోడ పూర్తిగా ఆరాక గీకించి ఎపాక్సీ పెయింట్ వేయిస్తే నిలిచింది.

మేస్త్రీ సందు పూడ్చేస్తానంటున్నాడు

గాజుకీ ఇటుకకీ మధ్య సిమెంటు వద్దనండి. పై గోడ బరువు లింటెల్ మోయాలి, గాజు కాదు. 120×45×45 సెంటీమీటర్ల ట్యాంకు నిండితే సుమారు 240 లీటర్లు. రాళ్లు, గాజు లెక్కేయకుండానే దాదాపు పావు టన్ను. ఆ బరువంతా స్టాండు మీదుగా నేలకు దిగాలి. సందు కనిపించకుండా హాలు వైపు చెక్క ఫ్రేము చాలు. మేడ మీదైతే ముందే ఇంజనీరుకు చూపించండి.

మే నెలలో చేపలు పైకొచ్చి నోరు తెరుస్తున్నాయి

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, ఇక ట్యాంకెంత! నీళ్లు 25, 26 డిగ్రీల దగ్గర ఉంటే మంచిది. 30 దాటితే టెన్షనే, వేడెక్కే కొద్దీ నీళ్లలో ఆక్సిజన్ తగ్గుతుంది. పైగా మోటారు, లైటు కూడా వేడి చేస్తాయి. లైటు పగలు ఆపి రాత్రి వేయండి, నీటి మీదుగా చిన్న ఫ్యాన్ తిప్పండి. ఉక్కపోతలో ఫ్యాన్ పెద్దగా పనిచేయదు, అప్పుడు నీళ్లను చల్లబరిచే యంత్రం, అంటే చిల్లర్ తప్పదు. చిల్లర్ వదిలే వేడిగాలి స్టోర్ రూములోనే తిరిగితే మాత్రం కరెంటు బిల్లు దండగ.

ఫ్యాన్ తిరిగితే నీళ్లు తగ్గుతాయి. ఆవిరయ్యేవి నీళ్లే కానీ ఉప్పు కాదు. తగ్గినంతా ఉప్పు కలపని ఆర్వో నీళ్లే పోయాలి. నేను మొదట్లో ఉప్పు కలిపినవి పోసి, 1.025 ఉండాల్సిన సాంద్రతను 1.030 చేశాను.

కరెంటు పోగానే స్టోర్ రూము నిండా నీళ్లు

మోటారు ఆగగానే ట్యాంకులో నీళ్లు పైపులోంచి వెనక్కి సంప్‌లోకి దిగుతాయి. ట్యాంకులోకి నీళ్లు తెచ్చే పైపుకు నీటి మట్టానికి కాస్త కింద చిన్న రంధ్రం పెడితే, అక్కడికి దిగగానే గాలి లాగి ఆగిపోతుంది. అది నాచుతో పూడుకుపోతుంది, వారానికోసారి చూడండి. ఓసారి మోటారు మీరే ఆపి, సంప్ అంచు దాకా వస్తే మామూలు మట్టం తగ్గించి గీత గీసుకోండి. కరెంటు ఎక్కువసేపు పోతే బ్యాటరీ ఎయిర్ పంపు ఉండాలి.

చేపలు బానే ఉన్నాయి, రొయ్యలు చస్తున్నాయి

ట్యాంకు కొత్తదైతే చేపల వ్యర్థాల వల్ల పుట్టే విషాలు, అమ్మోనియా, నైట్రైట్ పరీక్షించండి. వాటిని విరిచే బ్యాక్టీరియా కుదురుకోవడానికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. రెండూ సున్నా చూపిస్తే, ట్యాంకులో పోసేది వంటింటి ఆర్వో నీళ్లే అయితే, అక్కడికి వెళ్లి వాటర్ ప్యూరిఫైయర్ మీద ఏం రాసుందో చదవండి. ఒంటికి మంచిదని కొన్నింట్లో రాగి కలుపుతారు. మనకు మంచిదే కావచ్చు, రొయ్యలకీ పగడాలకీ విషం. ట్యాంకుకి మినరల్ క్యాట్రిడ్జ్ లేని, టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల లెక్క) దాదాపు సున్నా వచ్చే ఆర్వో విడిగా పెట్టుకోవాలి. మాకది ఆరో రొయ్య పోయాక తెలిసింది.