వాడిన గ్లాక్ 19 కొనేటప్పుడు: మూడో తరమా, నాలుగో తరమా, ఐదో తరమా?

అమెరికాలో వాడిన తుపాకులు అమ్మే దుకాణానికి వెళ్తే అద్దాల బల్ల కింద తప్పకుండా కనిపించే కాంపాక్ట్ పిస్టల్ గ్లాక్ 19. ఆస్ట్రియా కంపెనీ 1988లో తెచ్చిన ఈ నమూనాకు 102 మిల్లీమీటర్ల బ్యారెల్, 15 తూటాలు పట్టే మ్యాగజీన్ ఉంటాయి. తూటా 9 మిల్లీమీటర్లది. ఈ కొలతలు అప్పటి నుంచి దాదాపు అలాగే ఉన్నాయి కాని, పిడి, స్ప్రింగులు, బ్యారెల్, ట్రిగ్గర్ భాగాలు తరం తరానికీ మారుతూ వచ్చాయి. అమ్మేవాళ్లు వీటిని జెన్ 3, జెన్ 4, జెన్ 5 అని పిలుస్తారు. ఒకే బల్ల మీద మూడూ పక్కపక్కన ఉండి, ధరలో కొద్దిపాటి తేడా మాత్రమే కనిపించినప్పుడు దేన్ని ఎంచుకోవాలో తెలియక కొత్తగా కొనేవాళ్లు తికమక పడతారు. తరం సంఖ్య కంటే ముందు చూడవలసినవి మూడు: మీరు ఉండే రాష్ట్రం, మీ చెయ్యి, చేతిలో ఉన్న ఆ ఒక్క పిస్టల్ స్థితి. తరం సంగతి ఆ తర్వాతే వస్తుంది.

కొనే అర్హత

అమెరికాలోని తెలుగువారిలో చాలామంది హెచ్-1బి, ఎల్-1, ఎఫ్-1, హెచ్-4 వీసాల మీద ఉన్నవాళ్లే కాబట్టి ఈ విషయం ముందే చెప్పాలి. వలసేతర వీసా మీద ప్రవేశించినవారు తుపాకీని గాని తూటాను గాని కలిగి ఉండడాన్ని ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది. రాష్ట్రం ఇచ్చిన చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉండడం వంటి కొన్ని మినహాయింపులు మాత్రమే ఉన్నాయి. ఐ-140 (ఉద్యోగం ఇచ్చిన కంపెనీ వేసే వలస పిటిషన్) ఆమోదం పొంది, గ్రీన్‌కార్డు వరుసలో ఏళ్ల తరబడి నిలబడినంత మాత్రాన ఈ నిషేధం తొలగిపోదు. సొంతంగా కొనడానికే కాదు, షూటింగ్ రేంజిలో అద్దెకు తీసుకుని కాల్చడానికి కూడా ఇది వర్తిస్తుంది. గ్రీన్‌కార్డు ఉన్నవారు, పౌరులు మాత్రం 21 ఏళ్లు నిండి, ఇతర అభ్యంతరాలు లేకపోతే లైసెన్సు ఉన్న డీలరు దగ్గర 4473 ఫారం నింపి, నేపథ్య తనిఖీ పూర్తయ్యాక కొనవచ్చు. గ్రీన్‌కార్డు ఉన్న స్నేహితుడి పేరు మీద కొనిపించుకుని తాను ఉంచుకోవడం మనవాళ్లలో కొందరికి చిన్న సర్దుబాటుగా కనిపిస్తుంది గాని, అది ఫారంలో అబద్ధం చెప్పడమే. జైలుశిక్షతో పాటు వలస హోదా కూడా పోయే నేరం. వేరే రాష్ట్రంలోని వ్యక్తి దగ్గర కొంటే పిస్టల్ మీ రాష్ట్రంలోని డీలరు ద్వారానే మీ చేతికి రావాలి.

రాష్ట్రాల నియమాలు తరం ఎంపికను నేరుగా ప్రభావితం చేస్తాయి. కాలిఫోర్నియాలో డీలర్లు అమ్మదగిన పిస్టళ్ల జాబితా ఒకటి ఉంది. అందులో ఏళ్ల తరబడి మూడో తరం గ్లాక్ 19కి చోటుండగా నాలుగు, ఐదు తరాలకు దొరకలేదు. అందుకే ఆ రాష్ట్రంలో పాత తరానికి గిరాకీ ఎక్కువ. 2025లో చేసిన మరో చట్టం ఈ తరహా పిస్టళ్ల అమ్మకం మీదే కొత్త ఆంక్షలు తెచ్చింది కాబట్టి అక్కడ ఉండేవారు బయానా ఇచ్చే ముందే డీలరును అడిగి తెలుసుకోవాలి. కాలిఫోర్నియా, న్యూయార్క్, న్యూజెర్సీ వంటి చోట్ల పది తూటాలకు మించిన మ్యాగజీన్ చెల్లదు.

తరాల మధ్య తేడాలు

మూడో తరం 1998లో వచ్చింది. పిడి ముందు భాగంలో వేళ్లు కూర్చునే గాడులు, ఫ్రేము (పిడితో కలిసిన కింది భాగం) కింద టార్చి బిగించుకునే పట్టా, బొటనవేలికి చిన్న ఆనిక, వీటిని బట్టి దీన్ని దూరం నుంచే గుర్తుపట్టవచ్చు. లోపల, పేలాక వెనక్కి జరిగిన స్లైడును (పిస్టల్ పై భాగాన్ని) తిరిగి ముందుకు నెట్టే రీకాయిల్ స్ప్రింగు ఒకటే ఉంటుంది. దీని పేటెంట్ల గడువు తీరిపోవడంతో స్లైడు మొదలుకొని ఫ్రేము దాకా ఇతర కంపెనీలు కూడా దీనికి సరిపడే భాగాలను చేస్తున్నాయి. విడిభాగాలు ఇంత సులువుగా దొరికే పిస్టల్ మరొకటి లేదనవచ్చు. ఇబ్బందంతా ఆ గాడులతోనే. అవి సగటు చేతి కొలతను ఊహించుకుని పెట్టినవి. మీ వేళ్లు సన్ననివైనా, బాగా లావైనా రెండు గాడుల మధ్య గట్టు వేలి కిందికి వచ్చి, యాభై తూటాలు కాల్చేసరికి నొక్కుకుని నొప్పి పెడుతుంది. పిడి వెనక భాగాన్ని మార్చుకునే వీలు కూడా ఇందులో లేదు.

నాలుగో తరం 2010లో వచ్చింది. వేలి గాడులు అలాగే ఉన్నా, పిడి వెనక భాగాన్ని కాస్త తగ్గించి, పైన తొడుక్కునే వేర్వేరు కొలతల వీపు పలకలను ఇచ్చారు. పలక లేకుండా పట్టుకుంటే మూడో తరం కంటే చిన్నగా, మధ్య కొలత పలక తొడిగితే దాదాపు దానంతే ఉంటుంది. చిన్న చేతులున్న స్త్రీపురుషులకు ఈ ఒక్క మార్పు చాలా మేలు చేసింది. పిడి ఉపరితలం గరుకుగా ఉంటుంది, మ్యాగజీన్ విడుదల బొత్తాం పెద్దదై ఎడమచేతి వాటం వారి కోసం అటువైపు మార్చుకునేలా తయారైంది, స్ప్రింగు ఒకదానిలో ఒకటి ఇమిడిన జంట స్ప్రింగుగా మారింది. ఈ జంట స్ప్రింగు తొలి రూపంతో కొన్ని ఇబ్బందులు రావడంతో 2011లో కంపెనీ స్వచ్ఛందంగా వాటిని మార్చి ఇచ్చే కార్యక్రమం నడిపింది. ఆ కాలపు పిస్టళ్లలో పేలిన తూటాల ఖాళీ ఇత్తడి తొడుగులు పక్కకు కాకుండా కాల్చేవాడి నుదుటి మీదికి ఎగిరేవన్న ఫిర్యాదులూ వినిపించాయి. అందువల్ల 2010, 2011 నాటి నాలుగో తరం పిస్టల్ ఎదురైతే స్ప్రింగు మార్చారా అని అడగడం అవసరం. అంతమాత్రాన దాన్ని వదులుకోనక్కరలేదు.

ఐదో తరం 2017లో వచ్చింది. దానికి ముందటి ఏడాది ఎఫ్‌బీఐ ఎంచుకున్న నమూనా నుంచే ఇందులోని మార్పులు చాలావరకు పుట్టాయి. వేలి గాడులు తీసేశారు. స్లైడును ఆపే మీట రెండు వైపులా వచ్చింది. మ్యాగజీన్ దూర్చే నోరు కాస్త విచ్చుకుంది. బ్యారెల్ లోపలి మలుపులను మార్చి గురి నిలకడను మెరుగుపరిచారు. ఫ్రేములో అంతకుముందున్న మూడు పిన్నులు రెండయ్యాయి, ట్రిగ్గర్ స్ప్రింగు అమరిక కూడా మారింది. పాత తరాల బ్యారెల్, స్లైడు దీనికి పనికిరావు. మ్యాగజీన్లు మాత్రం ఇటువి అటు, అటువి ఇటు పనిచేస్తాయి, కాకపోతే విడుదల బొత్తాన్ని రెండో వైపుకు మార్చుకుంటే మూడో తరపు మ్యాగజీన్ అందులో నిలబడదు. పాత హోల్‌స్టర్లు (నడుముకు కట్టుకునే పిస్టల్ ఒరలు) చాలావరకు పట్టినా, బిగుతుగా చేసినవి రెండో వైపు మీటకు అడ్డం పడవచ్చు.

ఏది ఎవరికి

ఎడమచేతి వాటం వారికి ఐదో తరం తప్ప మరొకటి సూచించలేను. మీట ఒకే వైపున్న పిస్టల్‌తో వాళ్లు జీవితాంతం సర్దుకుపోవలసిన పని లేదు. గురి చూడడానికి ఎర్రచుక్క సైటు బిగించాలనుకుంటే స్లైడుకు ముందే చోటు చెక్కి ఉన్న ఎంఓఎస్ రకం నాలుగో తరంలోనో ఐదో తరంలోనో చూసుకోవాలి. మూడో తరం స్లైడును చెక్కించే ఖర్చు, కాచుకునే వారాలు కలిపితే ధరలో మిగిలింది అక్కడే పోతుంది. చేతులు చిన్నవైతే నాలుగో తరాన్ని పలక లేకుండా పట్టి చూడండి. మూడో తరం గాడులు మీ వేళ్లకు కుదిరితే, విడిభాగాలు మార్చుకుంటూ నేర్చుకోవాలన్న సరదా ఉంటే, దాన్ని చిన్నచూపు చూడనక్కరలేదు. ఇవేవీ వర్తించని మామూలు కొనుగోలుదారుకు నా సలహా పోలీసు శాఖలు వదిలేసిన నాలుగో తరం పిస్టల్; చాలామంది దృష్టి ఐదో తరం మీదే ఉండడం వల్ల దీనికి న్యాయమైన ధర కంటే తక్కువే అడుగుతున్నారు. అయితే రెంటి మధ్య తేడా వంద డాలర్లు కూడా లేకపోతే నిస్సంకోచంగా ఐదో తరం తీసుకోవచ్చు.

బల్ల మీద పరీక్ష

ముందు మ్యాగజీన్ తీసేసి, స్లైడును వెనక్కి లాగి నిలిపి, తూటా కూర్చునే ఛాంబరును కంటితో చూడడమే కాక చిటికెనవేలితో తడిమి ఖాళీ అని నిర్ధారించుకోవాలి. గ్లాక్‌ను విప్పాలంటే ట్రిగ్గర్ నొక్కక తప్పదు కాబట్టి ఈ పనిని రెండుసార్లు చేయడం అతిజాగ్రత్త అనిపించుకోదు. అనుమతి అడిగిన తర్వాతే విప్పాలి. స్లైడు, బ్యారెల్, ఫ్రేము కింది లోహపు రేకు, మూడింటి మీదా ఒకే క్రమసంఖ్య ఉండాలి. బ్యారెల్ సంఖ్య వేరైతే భాగం మార్చారని అర్థం, అది నేరం కాదు, ధర తగ్గించమని అడగడానికి కారణం. ఫ్రేము మీది సంఖ్యను గీకిన, అరగదీసిన జాడ ఉంటే మాత్రం మాట్లాడకుండా బయటికి వచ్చేయాలి.

బ్యారెల్‌ను వేరుచేసి తెల్ల కాగితం మీదికి పట్టుకుని వెలుతురులో చూడండి. లోపల ఒకచోట నల్లటి వలయం కనిపించి, బయట అదే చోట వేలికి ఉబ్బు తగిలితే, బ్యారెల్‌లో ఇరుక్కున్న గుండు వెనక మరో తూటా పేల్చారన్న మాట. ఆ బ్యారెల్ పనికిరాదు. స్లైడు లోపలి ముఖం మీద ఫైరింగ్ పిన్ (తూటాను కొట్టి పేల్చే సూది) రంధ్రం చుట్టూ లోహం తినేసినట్టు గుంటలు పడి ఉంటే చాలా వేల తూటాలు పేలినట్టు. ఫ్రేములో స్లైడు జారే నాలుగు చిన్న లోహపు పట్టాలు వంగకుండా, పగలకుండా ఉండాలి. తిరిగి అమర్చాక స్ప్రింగు పరీక్ష ఉంది: పిస్టల్ ఖాళీగా ఉందని మళ్లీ చూసుకుని, మూతిని సురక్షితమైన వైపు 45 డిగ్రీలు పైకెత్తి, ట్రిగ్గర్ నొక్కిపట్టి, స్లైడును పూర్తిగా వెనక్కి లాగి చేత్తో మెల్లగా ముందుకు వదలాలి. అది చివరి వరకు వెళ్లి మూసుకోకుండా కొద్ది దూరంలో ఆగిపోతే స్ప్రింగు అలసిపోయింది. స్ప్రింగు చవక వస్తువే కాబట్టి అలాంటి పిస్టల్‌ను తిరస్కరించనక్కరలేదు, బేరానికి వాడుకోవచ్చు. ట్రిగ్గర్ మధ్యలోని సన్నటి నాలుకను తాకకుండా పక్క అంచుల మీద మాత్రమే వెనక్కి నెట్టి చూడండి, అది కదలకూడదు. కదిలితే భద్రతా భాగం చెడింది, అది స్ప్రింగంత తేలికగా తీసుకునే విషయం కాదు.

పోలీసుల నుంచి వచ్చిన పిస్టల్ బయటికి వాడేసినట్టు, లోపల కొత్తదానిలా ఉండడం తరచూ కనిపిస్తుంది. ఏళ్ల తరబడి నడుముకు వేలాడడం వల్ల హోల్‌స్టర్ రాపిడికి స్లైడు అంచులు వెలిసిపోతాయి గాని, దానితో పేల్చిన తూటాలు చాలావరకు పోలీసుల గురి అర్హత పరీక్షలప్పుడు పేల్చినవే. రూపాన్ని చూసి బెదరకుండా లోపలి ముఖాన్ని చూడాలి. వీటికి తరచూ చీకట్లో వెలిగే ట్రిటియం సైట్లు ఉంటాయి. ట్రిటియం అర్ధాయువు 12.3 ఏళ్లు కాబట్టి పాతికేళ్ల కిందటి సైట్లలో వెలుగు నాలుగో వంతు మాత్రమే మిగిలి ఉంటుంది. "నైట్ సైట్లు ఉన్నాయి" అని ఎక్కువ ధర చెబితే అరచేతుల మధ్య చీకటి చేసి చూపించమని అడగండి.

మార్పులు చేసిన పిస్టళ్ల విషయంలో నేను కఠినంగానే ఉంటాను. పిడి మీద వేడి కడ్డీతో చుక్కలు పెట్టడం, ట్రిగ్గర్ భాగాలను ఇంట్లో మెరుగు పెట్టడం, ఊరూపేరూ తెలియని స్ప్రింగులు వేయడం, ఇవన్నీ చేసినవాడికి ముద్దు. అసలు భాగాలను కూడా సంచిలో పెట్టి ఇవ్వలేకపోతే కొనకపోవడమే మంచిది. స్లైడు వెనక మూత స్థానంలో వింతగా పొడుచుకు వచ్చిన ముక్క ఉంటే అది ఒక్క నొక్కుకు వరసగా పేలేలా చేసే అక్రమ పరికరం కావచ్చు. దాన్ని కలిగి ఉండడమే పెద్ద ఫెడరల్ నేరం.

కొన్న తర్వాత

ఏ తరమైనా రీకాయిల్ స్ప్రింగును వెంటనే కొత్తది వేయించడం మంచి అలవాటు. లెక్క తెలియని స్ప్రింగుతో మొదలుపెట్టడంలో అర్థం లేదు. ఆత్మరక్షణ కోసం ఉంచుకునేదైతే, అందులో వాడబోయే తూటాలనే కొన్ని పెట్టెలు రేంజిలో కాల్చి, ఇరుక్కోవడం, ఖాళీ తొడుగు బయటికి రాకపోవడం వంటివి లేవని చూసుకోవాలి. గ్లాక్ బ్యారెళ్లలో రాగి తొడుగు లేని సీసపు గుండ్లు వాడవద్దని కంపెనీ చెబుతుంది, రీలోడ్లు (వాడిన తొడుగుల్లో మళ్లీ మందు, గుండు నింపిన తూటాలు) కొనేవారు దీన్ని గుర్తుంచుకోవాలి.

ఇంట్లో పిల్లలు ఉంటారు, ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చి ఆరు నెలలు ఉంటారు, వారాంతంలో పదిమంది భోజనానికి వస్తారు. అలాంటి ఇంట్లో తాళం ఉన్న ఉక్కు పెట్టెను పిస్టల్ ధరలో భాగంగానే లెక్కవేసుకోవాలి. బీరువాలో చీరల కింద దాచడం భద్రత అనిపించుకోదు. చాలా రాష్ట్రాల్లో పిల్లలకు అందేలా ఉంచడం శిక్షార్హం కూడా.

తిరిగి స్వదేశానికి వెళ్లిపోయేటప్పుడు దీన్ని వెంట తీసుకుపోవచ్చునా అని అడిగేవారున్నారు. 9 మిల్లీమీటర్ల ఈ తూటా భారత ఆయుధ చట్టం కింద నిషిద్ధ బోరు, సామాన్య పౌరులకు లైసెన్సు దొరకదు. వెళ్లే ముందు డీలరుకు అమ్మేయాలి. రేంజికి తీసుకెళ్లే సంచిని మాత్రం ప్రయాణానికి ఎన్నడూ వాడకండి. జేబు మూలలో మరిచిపోయిన ఒక్క తూటా హైదరాబాదు విమానాశ్రయం స్కానర్‌లో కనిపించినా ఆయుధ చట్టం కింద కేసు పెట్టడానికి అది చాలు.