పిల్లలతో సరిహద్దు దాటే ముందు – 4వ పాఠం: ఒక పిల్లాడు, మూడు పేర్లు

పోయిన పాఠం చివర మీ బృందంలోని ప్రతి పిల్లకీ పేరు, పుట్టిన తేదీ, చేతిలో ఉన్న గుర్తింపు కాగితం రాసి పట్టిక వేయమన్నాను. ప్రొద్దుటూరు, కడప, రాయచోటి టీచర్లు పంపినవన్నీ చదివాను. ఈ రోజు చెప్పాల్సింది తల్లిదండ్రుల అనుమతి పత్రం గురించి. దాన్ని వచ్చే పాఠానికి జరుపుతున్నాను. పట్టిక తప్పుగా ఉంటే నేపాల్ సరిహద్దులో, సోనౌలీ దగ్గర ఎండలో నిలబడేది పిల్లలే.

ముందు వయసు సంగతి. చాలామంది అందరికీ ఎదురుగా ‘ఆధార్’ అని రాసేశారు. నేపాల్ వెళ్ళడానికి మనకు వీసా అక్కర్లేదు, నిజమే. కానీ పాస్‌పోర్టు లేకుండా ఆధార్‌తో దాటగలిగేది 15 ఏళ్ళ లోపు పిల్లలు, 65 దాటిన పెద్దలు మాత్రమే. 15 నుంచి 18 మధ్య వాళ్ళకు నిర్ణీత నమూనాలో ప్రిన్సిపాల్ ఇచ్చే గుర్తింపు పత్రం కావాలి. 18 నిండిన ఇంటర్ పిల్లలకూ, మీకూ పాస్‌పోర్టు గానీ ఓటరు కార్డు గానీ ఉండాలి. ఇంటి పెద్ద ఒకరి దగ్గర కార్డు ఉంటే మిగతావాళ్ళకు ఇచ్చే వెసులుబాటు కుటుంబాలకే. టీచరు వెంట వచ్చే ముప్పై మందికి అది వర్తించదు.

వయసు లెక్క వేయాల్సింది ఫారం నింపిన రోజుకు కాదు, తిరిగొచ్చే రోజుకు. మా బృందంలో ఒక అమ్మాయికి పోఖరాలో ఉండగా 15 నిండాయి. అప్పటినుంచి 14 దాటిన ప్రతి పిల్లకీ ప్రిన్సిపాల్ పత్రం కూడా రాయించి పెట్టుకుంటున్నాను.

ఇక పేర్లు. అన్ని పట్టికల్లోనూ ఉన్న తప్పు ఇదే. మీరంతా హాజరు పట్టీలో ఉన్న పేరు ఎత్తి రాశారు. పట్టీలో ‘జి. చరణ్’. ఆధార్‌లో ‘గంగిరెడ్డి చరణ్ కుమార్ రెడ్డి’. టెన్త్ మెమోలో ‘గంగిరెడ్డి చరణ్ కుమార్’. మనకు ముగ్గురూ ఒకడే. మన ఇంటిపేరు ముందుంటుంది, ఉత్తరాదిలో చివరుంటుంది. సరిహద్దులో కూర్చున్న అధికారికి ‘జి’ అంటే గంగిరెడ్డి అని తెలిసే దారే లేదు. ‘యస్. మహబూబ్ బాషా’ది ఇంకా కష్టం. ఆ ‘యస్’ షేక్ అని మనకు తెలుసు. ఇంగ్లీషులో షేక్‌ను ఒక కాగితంలో ఒకలా, ఇంకో కాగితంలో ఇంకోలా రాస్తారు. చివర హెచ్ ఉందా లేదా అన్నది కూడా చూడాలి. లక్ష్మీప్రసన్న అని కలిపి రాశారా, లక్ష్మీ ప్రసన్న అని విడదీశారా? అదీ చూడాలి. ‘చిన్న తేడానే కదా సార్’ అని ఒకరు రాశారు. ఆ చిన్న తేడా వల్లే మా పిల్లాడొకడు రెండు గంటలు బెంచీ మీద ఏడుస్తూ కూర్చున్నాడు.

ఏ పేరు ఉంచాలి? టెన్త్ పాసైనవాళ్ళకు మెమోలోని పేరే ఉంచండి, దాన్ని మార్చడం చాలా కష్టం. ఆధార్‌నే దానికి తగ్గట్టు సరిచేయించండి. ఆధార్‌లో పేరు మార్పు జీవితంలో రెండుసార్లే కుదురుతుంది కాబట్టి, అక్షరాలు ముందే కాగితం మీద రాసుకుని ఆధార్ సెంటర్‌కు వెళ్ళండి. ఇప్పుడు టెన్త్ చదువుతున్న పిల్లలైతే నామినల్ రోల్స్ (పరీక్ష రాసే పిల్లల జాబితా) బోర్డుకు వెళ్ళకముందే స్కూలు రికార్డులో దిద్దించండి. ప్రిన్సిపాల్ పత్రం ఇంగ్లీషులోనే ఉండాలి, పేరు పొడి అక్షరాల్లో కాకుండా పూర్తిగా ఉండాలి. స్కూలు ముద్ర సగం ఫోటో మీద, సగం కాగితం మీద పడేలా వేయించడం నా అలవాటు.

అభ్యాసం: ప్రతి పిల్లవీ ఆధార్, పుట్టిన తేదీ సర్టిఫికెట్, స్కూలు రికార్డు, ఉంటే టెన్త్ మెమో ముందు పెట్టుకోండి. ఒకరు ఇంగ్లీషు స్పెల్లింగ్ అక్షరం అక్షరం గట్టిగా చదవాలి, ఇంకొకరు టిక్ పెట్టాలి. ఒంటరిగా చేయకండి, తెలిసిన పేరైతే కన్ను తప్పును దాటేస్తుంది. తేడా ఉన్న పేర్ల కింద ఎర్ర గీత గీసి, పట్టిక మళ్ళీ పంపండి. ముప్పై మందికి ఒక ఆదివారం మొత్తం పడుతుంది.